ఎప్పుడూ లేటే ఎందుకు? ఆలస్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"దారిలో ఉన్నా, వచ్చేస్తున్నా" అన్న మాట చాలాసార్లు చెప్పులు వేసుకుంటూ చెప్పేదే. చెప్పేవాళ్లకీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. ఆ నిమిషాలు అసలు ఎక్కడ పోతున్నాయి, పోయినప్పుడు ఎదుటివాళ్లు వాటికి ఏ అర్థం తీసుకుంటున్నారు? ఎక్కువమంది అడిగే ప్రశ్నలు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

నాకు ఎక్కడికెళ్లినా పది, పన్నెండు నిమిషాలే లేటు. ప్రతిసారీ అంతే. ఎందుకిలా?

రోజూ ఒకే కొలతలో లేటవుతుంటే అది ఒకరకంగా మంచి కబురే. పట్టింపు లేకపోవడం వల్ల వచ్చే ఆలస్యం ఒకరోజు ఐదు నిమిషాలుంటే మరోరోజు గంట ఉంటుంది. ఎప్పుడూ పన్నెండు నిమిషాలే అంటే, పన్నెండు నిమిషాల పనేదో మీ లెక్కలోకి ఎక్కడం లేదన్నమాట. ఆ పని దాదాపుగా "నేను రెడీ" అనడానికీ గడప దాటడానికీ మధ్య దాక్కుని ఉంటుంది.

కాస్త దగ్గర్నుంచి చూడండి. బట్టలు మార్చుకున్నారు, రెడీ అన్నారు. ఫోను చార్జింగు నుంచి తీశారు. తాళంచెవి నిన్నటి ప్యాంటు జేబులో ఉంది. నీళ్ల సీసా నింపారు. స్టవ్ కట్టేశామా లేదా అని ఒకసారి, కిటికీ కోసం ఇంకోసారి వెనక్కెళ్లారు. తాళం వేశాక కళ్లజోడు గుర్తొచ్చింది, మళ్లీ తాళం తీశారు. లిఫ్టు పై అంతస్తులో ఉంది. బండికి అడ్డంగా ఇంకెవరిదో బండి పెట్టి ఉంది. వీటిలో దేనికీ రెండు నిమిషాలు మించదు. అందుకే ఏదీ మనసులో పని కింద నమోదు కాదు. మొత్తం కలిపితే మాత్రం మీ పన్నెండు నిమిషాలూ అక్కడే దొరుకుతాయి.

అవతలి కొసన కూడా ఇలాంటిదే ఇంకో ముక్క ఉంటుంది: బండి పెట్టడానికి చోటు, గేటు దగ్గర పేరు రాయడం, ఏ అంతస్తో కనుక్కోవడం. పది గంటలకి రమ్మంటే పది గంటలకి గేటు దగ్గర ఉండటం కాదు, కుర్చీలో ఉండటం.

ఒక వారం పాటు రోజూ మూడు టైములు రాసుకోండి. "రెడీ" అనుకున్న నిమిషం, బండి కదిలిన నిమిషం, కలవాల్సిన మనిషి ఎదురుగా కనపడ్డ నిమిషం. మొదటి రెండింటి మధ్య తేడా ఎంతో తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే.

ఫోన్లో మ్యాపు ముప్పై నిమిషాలే చూపించింది. ముప్పై నిమిషాల ముందే బయల్దేరాను. అయినా లేటయింది. తప్పు నాదా, మ్యాపుదా?

లెక్క వేసిన తీరుది. ఒకే దారిలో పదిసార్లు వెళ్తే పట్టిన టైములు ఇలా ఉన్నాయనుకుందాం: 26, 28, 28, 29, 30, 31, 33, 35, 41, 52 నిమిషాలు. ముప్పై చొప్పున బయల్దేరితే పదిలో ఐదుసార్లు లేటే. సగటు 33 నిమిషాల పైచిలుకు. సగటుని నమ్ముకున్నా మూడుసార్లు లేటు. ఇక "అరే, ఆరోజు ఇరవయ్యారు నిమిషాల్లో వచ్చేశానే" అన్న జ్ఞాపకాన్ని పట్టుకుంటే తొమ్మిదిసార్లు లేటు. ఎప్పుడూ లేటయ్యేవాళ్లలో చాలామంది పట్టుకునేది దీన్నే.

వాడాల్సిన అంకె 41. అంటే పదిలో తొమ్మిదిసార్లు సరిపోయే టైము. విమానం, పరీక్ష, ఇంటర్వ్యూ లాంటివాటికి 52 పెట్టుకోవాలి. స్నేహితుడితో కాఫీకి 35 చాలు. అన్నిటికీ ఒకే జాగ్రత్త తీసుకుంటే ప్రాణం విసుగెత్తి రెండు వారాల్లో మానేస్తారు.

ఇన్నిసార్లు దెబ్బతిన్నాక కూడా అంచనా ఎందుకు మారదు?

మనసు అంచనా వేసేటప్పుడు పాత లెక్కలు తీయదు, కొత్త కథ అల్లుకుంటుంది. లేచాం, స్నానం చేశాం, బయల్దేరాం, చేరుకున్నాం. ఆ కథలో తాళంచెవి పోదు, వాన పడదు, ఫోను రాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో దీన్ని ప్రణాళికా భ్రమగా గుర్తించి పేరు పెట్టారు. 1994లో ప్రచురితమైన ఒక పరిశోధనలో రోజర్ బ్యూలర్ బృందం చివరి సంవత్సరం విద్యార్థుల్ని సిద్ధాంత వ్యాసం ఎన్నాళ్లలో పూర్తి చేస్తారని అడిగింది. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజుల పైనే. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందని కూడా అడిగారు. దానికి వచ్చిన సగటు జవాబు సుమారు 49 రోజులు. అంటే, దురదృష్టాన్ని ఊహించుకొమ్మంటే కూడా వాళ్లు ఊహించింది వాస్తవం కంటే మెరుగ్గానే ఉంది.

పాతసారి ఎందుకు ఆలస్యమైందో గుర్తుంటుంది. కాకపోతే దాన్ని ఆ ఒక్క రోజు ఖాతాలో రాస్తాం. "మొన్న ట్రాఫిక్కు", "నిన్న అమ్మ ఫోను". రోజుకో కారణం కాబట్టి దేన్నీ అలవాటు కింద లెక్కించం. కారణాలు వేరే వేరే అయినా, ఏదో ఒక కారణం రోజూ వస్తుంది. అంచనాలో చోటు ఉంచాల్సింది ఆ "ఏదో ఒకటి"కే.

మందు చిన్నదే. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ నిమిషాలు రాసి కూడాలి. జస్టిన్ క్రూగర్, మాట్ ఎవాన్స్ 2004లో చూపించింది ఇదే: పనిలోని భాగాల్ని విడివిడిగా జాబితా రాయిస్తే అంచనా పెరుగుతుంది, నిజానికి దగ్గరవుతుంది. "తయారవడానికి ఇరవై నిమిషాలు" అని గంపగుత్తగా అనుకునే మనిషే స్నానం, బట్టలు, జుట్టు, సంచి, తాళం అని రాస్తే ముప్పై ఐదు తేల్చుకుంటాడు.

బయల్దేరాల్సిన టైముకి సరిగ్గా ఇంకో పని నెత్తినేసుకుంటాను. ఇదేం బుద్ధి?

ఇది చాలామందికి ఉన్నదే. ఇంకా ఎనిమిది నిమిషాలుంది కదా, ఈ గిన్నెలు కడిగేద్దాం, ఈ ఒక్క మెయిలుకి జవాబిచ్చేద్దాం. దీని వెనక ఉండేది బద్ధకం కాదు, దానికి తలకిందులు. ఖాళీగా ఉన్న నిమిషాన్ని చూస్తే ఊరుకోలేకపోవడం. ముందుగా వెళ్లి కూర్చోవడం వీళ్లకి దండగలా కనిపిస్తుంది. అందుకే "సరిగ్గా టైముకి" చేరాలని గురిపెడతారు. సరిగ్గా టైముకి గురిపెడితే ఏ చిన్న అడ్డంకి వచ్చినా లేటే, ఎందుకంటే పొరపాటుకి చోటు ఒకవైపే ఉంది.

ఆ పనిని మానమంటే మానరు. చోటు మార్చండి. మెయిలు జవాబు, చదవాల్సిన నాలుగు పేజీలు, చేయాల్సిన ఫోను, వీటన్నిటినీ అక్కడికి చేరాక చేసే పనులుగా పెట్టుకోండి. అక్కడ పావుగంట ముందు కూర్చుని చేస్తే అదే పని, అదే తృప్తి. తేడా అల్లా, పని పొడుగైతే ఎవరూ ఎదురుచూడరు.

టైము గడిచినట్టు అనిపించడంలో మనిషికీ మనిషికీ తేడా ఉంటుందా?

ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్ కాంటీ గడియారం చూడకుండా ఒక నిమిషం ఎప్పుడైందో చెప్పమంటే, ఎప్పుడూ తొందరపడే పోటీ స్వభావం ఉన్నవాళ్లు సగటున 58 సెకన్లకే అయిపోయిందన్నారు. నింపాదిగా ఉండేవాళ్లు 77 సెకన్ల దాకా ఆగారు. నిమిషానికి 19 సెకన్ల తేడా గంట తయారీలో ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

ఏడీహెచ్‌డీ (ఒక పని మీద శ్రద్ధ నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే స్థితి) ఉన్నవాళ్లకి ఇది ఇంకా గట్టి సమస్య. గడిచిన కాలాన్ని పసిగట్టడం, చేస్తున్న పని వదిలి ఇంకోదానికి మారడం, రెండూ కష్టమే. ఆలస్యంతో పాటు వస్తువులు పోగొట్టుకోవడం, మొదలెట్టిన పనులు మధ్యలో వదిలేయడం చిన్నప్పట్నుంచీ ఉంటే వైద్యుణ్ణి కలవడం మేలు. తిట్లతో అది తగ్గదు.

గడియారాన్ని పది నిమిషాలు ముందుకి పెట్టుకుంటే?

పని చేయదు. పెట్టింది మీరే కాబట్టి తీసివేత కూడా మీరే చేసుకుంటారు. మూడో రోజుకి చూపు గడియారం మీద పడేలోపే పది తగ్గిపోతుంది.

మరి ఏం చేస్తే పని చేస్తుంది?

చేరే టైము మర్చిపోయి, బయల్దేరే టైము గుర్తుపెట్టుకోండి. క్యాలెండర్లో "10:00 మీటింగు" అని మాత్రమే రాసుకునేవాళ్లకి పది గంటలే కళ్లముందుంటుంది. వెనక్కి లెక్కేద్దాం. కుర్చీలో 10:00. గేటు నుంచి కుర్చీకి 8 నిమిషాలు, అంటే గేటు దగ్గర 9:52. ప్రయాణం పైన చెప్పిన 41, అంటే బండి కదలాల్సింది 9:11కి. రెడీ నుంచి బండి దాకా 12, అంటే 8:59కి రెడీ. క్యాలెండర్లో ఎక్కాల్సిన మాట "8:59 చేతిలో పని వదిలెయ్" అని.

అలారాలు రెండు పెట్టాలి. మొదటిది 8:45కి, చేస్తున్న పని ముగించడానికి. రెండోది 8:59కి, లేవడానికి. ఒక్కటే పెడితే అది మోగేసరికి పని మధ్యలో ఉంటారు, "ఒక్క నిమిషం" అని ఆపేస్తారు. అలారం విఫలమయ్యేది అక్కడే. రెండోది మంచం పక్కనో బల్ల మీదో కాదు, చెప్పుల దగ్గర మోగాలి.

దాంతోపాటు ఒక షరతు మాట రాసుకోండి: "రెండో అలారం మోగగానే, చేతిలో ఏమున్నా కింద పెట్టి చెప్పులేసుకుంటాను." పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చెప్పేదాని ప్రకారం "రేపట్నుంచి టైముకి వెళ్తాను" అనే సంకల్పం కన్నా, ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అనే కట్టుబాటు బాగా నిలుస్తుంది. తాళంచెవి, పర్సు, కళ్లజోడు రాత్రే ఒక గిన్నెలో, తలుపు దగ్గర పెట్టండి. ఈ ఒక్క గిన్నె నాలుగు నిమిషాలు మిగిలిస్తుంది.

అన్నీ ఒకేసారి మొదలెట్టకండి. ఎక్కువగా లేటయ్యే ఒక్క చోటు ఎంచుకుని రెండు వారాలు అక్కడే చేయండి.

పది నిమిషాలకే ఎదుటివాళ్లకి అంత కోపం ఎందుకు?

మీ పది నిమిషాలూ వాళ్ల పది నిమిషాలూ ఒకటి కావు. మీరు దారిలో ఉరుకులు పరుగుల మీదున్నారు, మీకు టైము ఇట్టే అయిపోతుంది. వాళ్లు ఖాళీగా నిలబడి వీధి వంక చూస్తున్నారు. 1985లో డేవిడ్ మైస్టర్ నిరీక్షణ గురించి రాసిన సూత్రాల్లో మూడు ఇక్కడ సరిగ్గా అతుకుతాయి: పనిలేని నిరీక్షణ పొడుగ్గా ఉంటుంది, ఎంతసేపో తెలియని నిరీక్షణ ఇంకా పొడుగు, కారణం తెలియనిది మరీ పొడుగు. కబురు లేకుండా లేటయితే ఈ మూడూ ఒకేసారి వాళ్ల నెత్తిన పడతాయి.

రెండో సంగతి, మన ఆలస్యానికి కారణం మనకి బయట కనిపిస్తుంది, పక్కవాళ్ల ఆలస్యానికి కారణం వాళ్ల లోపల కనిపిస్తుంది. నేను లేటయితే ట్రాఫిక్కు, మీరు లేటయితే లెక్కలేనితనం. ఎడ్వర్డ్ జోన్స్, రిచర్డ్ నిస్‌బెట్ 1971లోనే ఈ ధోరణి గురించి రాశారు. లేటైన మనిషి "కావాలని చేశానా?" అంటాడు, ఎదురుచూసిన మనిషి "నాకు విలువ లేదా?" అంటాడు. ఒకరు కారణం గురించి, ఒకరు అర్థం గురించి మాట్లాడుతుంటే ఆ గొడవ తెమలదు.

కొందరు ఎంత లేటుగా వచ్చినా ఎవరూ కిక్కురుమనరు. ఎందుకని?

ఎవరి కోసం ఎవరు ఆగుతారన్నదే అసలు కొలత. సమాజ శాస్త్రవేత్త బ్యారీ ష్వార్ట్జ్ 1974లో నిరీక్షణకీ అధికారానికీ ఉన్న ముడి విప్పి రాశాడు: ఎదుటివారిని ఆపగలగడమే పై చేయి. అధికారి గది బయట బల్ల ఉంటుంది, లోపల ఉండదు.

రాబర్ట్ లెవీన్ బృందం 1980లో ప్రచురించిన పరిశోధనలో బ్రెజిల్ విద్యార్థులనీ, అమెరికాలో ఫ్రెస్నో విద్యార్థులనీ పోల్చారు. మధ్యాహ్న భోజనానికి రమ్మన్న స్నేహితుడు ఎన్ని నిమిషాలు దాటితే లేటు అంటే బ్రెజిల్ వాళ్లు సగటున 33 నిమిషాల పైన అన్నారు, ఫ్రెస్నో వాళ్లు 19. అంతకన్నా ఆసక్తిగా ఉండేది ఇంకొకటి. ఎప్పుడూ టైముకి వచ్చేవాడి కన్నా ఎప్పుడూ లేటయ్యేవాడే జీవితంలో పైకొచ్చినవాడై ఉంటాడని బ్రెజిల్ విద్యార్థులు అనుకునే అవకాశం ఎక్కువ. అక్కడ ఆలస్యం ఒక బిళ్ల లాంటిది, చొక్కాకి తగిలించుకునేది.

అయితే ప్రతి పెద్దమనిషి ఆలస్యమూ దర్పం కాదు. డాక్టరు పావుగంటకొకరి చొప్పున టైములిచ్చి, ఒక్కొక్కరికీ 18 నిమిషాలు పడుతుంటే, పదో రోగి లోపలికి వెళ్లేసరికి 27 నిమిషాల ఆలస్యం పేరుకుంటుంది. ఆయన ఒక్క నిమిషం కూడా ఖాళీగా కూర్చోలేదు. ఇలాంటి చోట్ల మొదటి టైము అడిగి తీసుకోవడమే తెలివి.

లేటవుతున్నానని ఎప్పుడు చెప్పాలి? ఏమని?

తెలిసిన నిమిషంలో. అనుకున్న టైము దాటకముందు. పది గంటల మీటింగుకి 9:40కి వచ్చిన కబురు సమాచారం, 10:05కి వచ్చింది సాకు.

కబురులో మూడు ఉండాలి. ఎన్నింటికి చేరతారో గడియారం టైములో చెప్పాలి ("పదిన్నరకి" అనాలి, "కాసేపట్లో" అని కాదు). వాళ్లు ఈలోగా ఏం చేయొచ్చో చెప్పాలి ("నన్ను ఆపకుండా మొదలెట్టండి", "మీరు భోంచేసేయండి"). క్షమించమని ఒక్కసారి అడగాలి. చేరే టైముకి ఇంకో పది నిమిషాలు కలిపే చెప్పండి. పదిన్నర అని 10:25కి వస్తే పరువు కొంత తిరిగొస్తుంది. 10:15 అని మళ్లీ 10:25 అంటే రెండుసార్లు లేటయినట్టు లెక్క. ఐదు నిమిషాలు అని మూడుసార్లు చెప్పడం కన్నా పాతిక అని ఒకసారి చెప్పడం నయం.

చేరాక కారణాన్ని ఐదు నిమిషాలు వర్ణించకండి. అది వాళ్ల టైములోంచి తీసుకున్న మరో ఐదు నిమిషాలు.

మా మీటింగులు ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యంగానే మొదలవుతాయి. ఎలా ఆపాలి?

ఎనిమిదిమందిలో ఒకరి కోసం ఏడుగురు పది నిమిషాలు ఆగితే పోయేది 70 నిమిషాలు. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. టైముకి వచ్చినవాళ్లకి ఆగడం శిక్ష, లేటుగా వచ్చినవాళ్లకి ఆగకపోవడం బహుమతి. రెండు మూడు వారాల్లో టైముకి వచ్చేవాళ్లు కూడా పది నిమిషాలు వెనక్కి జరుగుతారు. అప్పుడు లేటుగా వచ్చేవాళ్లు ఇరవైకి జరుగుతారు.

ముగ్గురున్నా సరే, చెప్పిన నిమిషానికి మొదలెట్టాలి. మొదటి ఐదు నిమిషాల్లో పలకరింపులు కాకుండా నిర్ణయం పెట్టాలి, లేకపోతే లేటుగా రావడం వల్ల పోయేదేమీ ఉండదు. లేటుగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ మొదట్నుంచి చెప్పకూడదు. మీటింగు నుంచి మీటింగుకి పరిగెత్తేవాళ్లుంటే గంటని 50 నిమిషాలకి కుదించండి. 11:00కి ముగిసి 11:00కి మొదలయ్యే రెండు మీటింగులకీ ఒక మనిషి టైముకి హాజరవడం ఎవరి తరమూ కాదు.

ఆలస్యాన్ని నియమంగానే ఒప్పుకున్న చోట్లూ ఉన్నాయి. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో పది గంటల పాఠం పదీ పావుకి మొదలవడం పాత సంప్రదాయం, పేరే "అకడమిక్ పావుగంట". అందరికీ తెలిసిన పావుగంట ఎవరినీ బాధపెట్టదు.

లేటుకి జరిమానా పెడితే?

జాగ్రత్త. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో యూరీ గ్నీజీ, ఆల్డో రుస్తికీనీ చేసిన ప్రయోగం 2000లో అచ్చయింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి పది నిమిషాలు మించి లేటుగా వచ్చే తల్లిదండ్రులకి ఆరు కేంద్రాల్లో పది షెకెల్‌ల జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. అంతదాకా "పాపం, టీచరు నా కోసం ఆగింది" అన్న మొహమాటం ఉండేది. జరిమానాతో అది రుసుమైపోయింది, డబ్బు కట్టాం కాబట్టి లేటవచ్చు. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు పాత స్థాయికి రాలేదు. మొహమాటం ఒకసారి బేరమైతే మళ్లీ మొహమాటం కాలేదు.

ఎప్పుడూ లేటయ్యే స్నేహితురాలితో ఎలా వేగాలి?

ఆరున్నర సినిమాకి ఆరు అని అబద్ధం చెప్పకండి. రెండోసారికి ఆమెకి తెలిసిపోతుంది, మీరు చెప్పే ప్రతి టైములోంచీ అరగంట తీసేయడం మొదలెడుతుంది. దానికన్నా ఆగే పద్ధతి మార్చండి. వీధిలో నిలబడి ఎదురుచూసే చోటు బదులు, మీకు ఎలాగూ కూర్చోవాలనిపించే చోటు పెట్టండి. టిక్కెట్టు ఆమెకి ముందే పంపి మీరు లోపలికి వెళ్లిపోండి. "పావుగంట చూసి మొదలెట్టేస్తాను" అని కోపం లేని రోజు చెప్పి, చెప్పినట్టే చేయండి. చెప్పి చేయకపోతే అది బెదిరింపుగా మిగిలిపోతుంది.

అందరి దగ్గరా లేటా, మీ దగ్గరేనా అన్నది గమనించండి. ఆఫీసుకి, రైలుకి టైముకి వెళ్లే మనిషి మీకు మాత్రమే లేటవుతుంటే అది అంచనా పొరపాటు కాదు. దానికి అలారాలు పనికిరావు, కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

మరీ ముందుగా వెళ్తే?

ఆఫీసుకైతే ఐదు పది నిమిషాలు. ఎవరింటికైనా పిలుపు మీద వెళ్తే ముందు వెళ్లకండి, వాళ్లు ఇంకా ఇల్లు తుడుచుకుంటూ ఉంటారు. వీధి చివర ఆగండి.

హడావిడిలో మనిషి వేరేలా ప్రవర్తిస్తాడంటారు, నిజమేనా?

1973లో జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధన చదివే విద్యార్థుల మీద ప్రయోగం చేశారు. ఇంకో భవనానికి వెళ్లి మాట్లాడాలి. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి మూలుగుతుంటాడు. తీరిక ఉందని చెప్పి పంపిన విద్యార్థుల్లో 63 శాతం మంది ఏదో ఒక రకంగా సాయం చేయబోయారు. ఇప్పటికే లేటయ్యారని చెప్పి పంపినవాళ్లలో సాయం చేయబోయింది 10 శాతం. వాళ్లలో కొందరు మాట్లాడబోయేది, దారిలో పడి ఉన్న అపరిచితుడికి సాయం చేసిన మంచి సమరయుడి కథ గురించే.

నిమిషాల పట్టింపు మనుషులకి ఎప్పట్నుంచి వచ్చింది?

రైళ్లతో. అంతకుముందు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. బ్రిటన్‌లో బ్రిస్టల్ సూర్యుడు లండన్ కన్నా పది నిమిషాలు వెనక. 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన దారంతా లండన్ టైమే వాడటం మొదలెట్టింది. ఊరి టైము ప్రకారం సరిగ్గా వచ్చిన మనిషికి రైలు వెళ్లిపోయి కనిపించేది. బ్రిస్టల్ కార్న్ ఎక్స్చేంజి (పాత ధాన్యం మార్కెట్టు భవనం) గడియారానికి అందుకే నిమిషాల ముళ్లు రెండు ఉన్నాయి, ఒకటి ఊరికి, ఒకటి లండన్‌కి. ఇప్పటికీ ఆ రెండూ పది నిమిషాల ఎడంతో తిరుగుతూనే ఉన్నాయి.